సీసా మీద రాసిన నిజాలు

(వినియోగదారుల హక్కుల గురించి గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా అక్షరబద్ధం చేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో డిగ్రీ పిల్లలున్నారు, ఆ పక్కన మహిళా సంఘాల అక్కచెల్లెళ్లున్నారు, పెద్దలున్నారు. ఈ బల్ల మీద రెండు గ్లాసులు అందరికీ కనిపిస్తున్నాయి కదా? ఒకదాంట్లో ఈ గ్రంథాలయం నల్లా నీళ్లు, రెండోదాంట్లో ఆర్‌ఓ మెషీన్ నీళ్లు. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఇప్పుడు ఈ చిన్న పరికరం కడ్డీలు రెండింట్లో ముంచి స్విచ్ వేస్తున్నాను. ఒక్క నిమిషం ఆగండి.

చూడండి. నల్లా నీళ్లు ముందు ఆకుపచ్చగా మారాయి, ఇప్పుడు గోధుమ రంగులోకి తిరుగుతున్నాయి. పైన తెట్టు కూడా కడుతోంది. ఆర్‌ఓ నీళ్లు మాత్రం దాదాపు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

మీలో చాలామంది ఇళ్లకు ఎవరో ఒక సేల్స్ కుర్రాడు వచ్చి ఇదే చేసి చూపించి ఉంటాడు. ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ మంచిది అతనికి. ఆ గోధుమ రంగు గ్లాసు తల్లి కళ్ల ముందు పెడితే చాలు, ఆ తర్వాత మెషీన్ ధర గురించి ఎవరూ బేరమాడరు.

అసలు జరిగింది ఏమిటో చెబుతాను. నేను చాలా ఏళ్లు కెమిస్ట్రీ పాఠం చెప్పాను, ఇది ఇంటర్ పిల్లలకు తెలిసిన సంగతే. ఈ పరికరంలో ఒక కడ్డీ ఇనుము, ఒకటి అల్యూమినియం. నల్లా నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లాంటి లవణాలు కరిగి ఉంటాయి కాబట్టి కరెంటు ప్రవహిస్తుంది. కరెంటు ప్రవహిస్తే ఇనుప కడ్డీ కరుగుతుంది. మీకు కనిపిస్తున్న ఆ ఆకుపచ్చ రంగు, ఆ గోధుమ రంగు ఈ కడ్డీలోంచి ఊడివచ్చిన ఇనుము. స్విచ్ వేయకముందు అది నీళ్లలో లేదు. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు బాగా తక్కువ, కరెంటు సరిగా పోదు, కడ్డీ కరగదు. అందుకని నీళ్లు తేటగా ఉన్నాయి.

ఇప్పుడు ఈ తేట గ్లాసులోనే మన వంటింటి ఉప్పు ఒక చిటికెడు వేస్తున్నాను. స్విచ్ వేశాను. చూస్తున్నారా? ఇది కూడా రంగు తిరిగింది. చిటికెడు ఉప్పుకి నీళ్లు విషం అయిపోయాయా?

ఇక్కడ ఒక్క విషయం గమనించండి, ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది అంతా ఇదే. కొందరు సేల్స్ వాళ్లు "ఇది మీ నీళ్లలో మురికి" అని నోటితో అబద్ధమే చెబుతారు. ఆరితేరినవాడు మాత్రం ఏమీ చెప్పడు. గ్లాసు మన ముందు పెట్టి ఊరుకుంటాడు. మురికి అన్న మాట మన నోటి నుంచే వస్తుంది. రంగు మారిన మాట నిజం. దాని నుంచి మనం తీసిన అర్థం తప్పు. సరుకులు అమ్మే ఎత్తుగడల్లో నూటికి ఎనభై ఈ పద్ధతిలోనే నడుస్తాయని నా నమ్మకం. లేబుల్ మీద అక్షరం అబద్ధం ఉండదు, కోర్టుకి వెళ్లినా నిలబడుతుంది. అబద్ధపు భాగాన్ని మనం పూరిస్తాం, డబ్బు కూడా మనమే కడతాం.

ఇదే కోవలోది టీడీఎస్ మీటర్. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం. పెన్నులాగా ఉంటుంది, నీళ్లలో పెడితే అంకె చూపిస్తుంది. ఆ అంకె నిజమే. కానీ అది కొలిచేది నీళ్లలోంచి కరెంటు ఎంత బాగా పోతోందన్నది, దాన్నిబట్టి కరిగిన లవణాల లెక్క అంచనా వేస్తుంది. విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా ఉంటే దానికి తెలియదు. ఫ్లోరైడ్ ఉంటే విడిగా చెప్పలేదు. ఇంటికి వెళ్లాక కొబ్బరి నీళ్లలో ఆ మీటర్ పెట్టి చూడండి, అంకె వేలల్లో వస్తుంది. జ్వరం వచ్చినవాడికి డాక్టరు తాగమనేది ఆ నీళ్లనే. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, వేరే నీటి వసతి లేనప్పుడు 2000 దాకా అనుమతిస్తారు. నది నుంచి తెచ్చి శుద్ధి చేసి ఇచ్చే నల్లా నీళ్లు చాలా చోట్ల 500 లోపే ఉంటాయి. అలాంటి చోట ఆర్‌ఓ అవసరమే లేదు, వాడకుండా చూడండని 2019లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రానికి చెప్పింది. కారణం మీకు తెలిసిందే, ఇంటి మెషీన్ ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు డ్రైన్‌లోకి వదులుతుంది. ఎండాకాలం బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం బిందెలు పట్టుకు నిలబడే ఊళ్లలో కూడా ఆ నీళ్లు అలా పోతున్నాయి. నాకు నిజంగా బాధ కలిగే విషయం ఇది.

సీసా నీళ్ల సంగతికి వద్దాం. చలివేంద్రం పెట్టి బాటసారికి ఉచితంగా నీళ్లు పోయడం పుణ్యం అనుకున్న నేల మనది. ఇప్పటికీ వేసవిలో కుండలు పెట్టి పోసేవాళ్లున్నారు, వాళ్లకు దండం. ఆ నేల మీద నీళ్లను సీసాలో పెట్టి అమ్మడం 1965లో బొంబాయిలో బిస్లెరీతో మొదలైంది. అది ఇటలీ పేరు. నాలుగేళ్లకు పార్లే వాళ్లు నాలుగు లక్షల రూపాయలకు కొన్నారు. మొదట్లో పెద్ద హోటళ్లలో, విదేశీయుల కోసం ఉండేది. ఇవాళ పల్లెటూరి పెళ్లిలో కూడా విస్తరి పక్కన సీసా లేకపోతే మర్యాద తక్కువైందని బంధువులు అనుకుంటున్నారు. దాహం తీరడానికైతే గ్లాసు చాలు. సీసా మర్యాదకు గుర్తుగా మారింది. ఈ మార్పు దానంతటదే రాలేదు, ఏళ్ల తరబడి ప్రకటనలు పని చేశాయి.

మీ చేతిలో ఉన్న ఆ లీటరు సీసా ఒకసారి తిప్పండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో బ్రాండ్ పేరు, నీలం రంగు, కొన్నిటి మీద మంచు కొండ. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో "ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్" అని ఉంటుంది. మనం దాన్ని మినరల్ వాటర్ అనే పిలుస్తాం. చట్టం దృష్టిలో ఈ రెండూ వేరు సరుకులు. సహజంగా భూమిలోంచి ఊరే ఊటను, దాని లవణాలతో పాటు అలాగే నింపితే అది నేచురల్ మినరల్ వాటర్, దాని ప్రమాణం ఐఎస్ 13428. బోరు నీళ్లో, మున్సిపాలిటీ నీళ్లో తీసుకుని ఆర్‌ఓ చేసి, క్రిములు చంపి, కాస్త లవణం కలిపి నింపితే అది ప్యాకేజ్డ్ వాటర్, ఐఎస్ 14543. మనం మామూలుగా కొనే చవక సీసాల్లో దాదాపు అన్నీ రెండో రకమే. రెండో రకం చెడ్డదని నేను అనడం లేదు. సరిగ్గా తయారుచేస్తే శుభ్రమైన నీళ్లే. కానీ ఆ నీళ్లకూ ఆ మంచు కొండకూ ఏ సంబంధమూ లేదు.

అమెరికాలో పెప్సీ వాళ్ల ఆక్వాఫినా సీసా మీద కొండ బొమ్మ ఉండేది, మూలం దగ్గర మూడు పొడి అక్షరాలు ఉండేవి. ఆ అక్షరాలకు అర్థం ప్రజా నీటి సరఫరా అని, అంటే ఊరి పంపు నీళ్లని, 2007లో విమర్శలు ముదిరాక పూర్తిగా విప్పి రాయడానికి కంపెనీ ఒప్పుకుంది.

అంతకన్నా పెద్ద కథ ఇంగ్లండ్‌లో నడిచింది. 2004లో కోకాకోలా డసాని అనే నీళ్లను అక్కడ అట్టహాసంగా దించింది. లండన్ దగ్గర సిడ్‌కప్ అనే చోట ఫ్యాక్టరీ. అర లీటరు 95 పెన్స్. అది థేమ్స్ వాటర్ సంస్థ ఇంటింటికీ సరఫరా చేసే నల్లా నీళ్లేనని కొద్ది రోజుల్లోనే పత్రికలు బయటపెట్టాయి. కంపెనీ ఏమందో తెలుసా? అంతరిక్ష నౌకల్లో నీటిని శుద్ధి చేయడానికి నాసా వాడే సాంకేతికత మాది అంది. అదీ నిజమే, ఆ సాంకేతికత పేరు రివర్స్ ఆస్మాసిస్, అంటే ఆర్‌ఓ. మన వీధి చివర క్యాన్లు నింపే ప్లాంటులో ఉన్నదీ అదే. ఇంతలో ఇంకో దెబ్బ పడింది. రుచి కోసం, చట్టం కోసం వాళ్లు కలిపిన కాల్షియం లవణంలో బ్రోమైడ్ ఉంది. క్రిములు చావడానికి ఆ నీళ్లకు ఓజోన్ వాయువు పట్టించేసరికి బ్రోమైడ్ బ్రోమేట్‌గా మారింది. బ్రోమేట్ క్యాన్సర్ కారకం కావొచ్చని అనుమానించే పదార్థం, అది అక్కడి చట్టం పెట్టిన హద్దు దాటింది. సుమారు ఐదు లక్షల సీసాలు వెనక్కి తీసుకుని మార్చి నెలలో ఆ బ్రాండ్‌ను బ్రిటన్ నుంచి ఎత్తేశారు. గమనించండి, ఆ బ్రోమేట్ నల్లా నీళ్లలో లేదు. నల్లా నీళ్లను "ఇంకా మంచివి"గా చేయబోయిన ఫ్యాక్టరీలో పుట్టింది.

2006లో ఫిజీ దీవుల నీళ్లు అమ్మే ఫిజీ అనే ఖరీదైన నీళ్ల కంపెనీ, మా లేబుల్ మీద ఫిజీ అని ఎందుకుందంటే ఈ నీళ్లు క్లీవ్‌లాండ్‌లో నింపలేదు కాబట్టి అని ప్రకటన వేసింది. క్లీవ్‌లాండ్ అమెరికాలో ఒక నగరం. ఆ ఊరివాళ్లకు రోషం వచ్చి రెండు నీళ్లనూ పరీక్ష చేయించారు. ఫిజీ సీసాలో లీటరుకు 6.3 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ తేలింది. అది చట్టం హద్దు 10 కన్నా తక్కువే, ప్రమాదమేమీ కాదు. కానీ క్లీవ్‌లాండ్ నల్లాలో అది కూడా కనబడలేదు. ఊరివాళ్లు ఊరికే తిట్టుకుని కూర్చోకుండా పరీక్షకు పంపారు చూడండి, అది నాకు బాగా నచ్చింది.

మన దేశంలో సీసా నీళ్లకు ఐఎస్ఐ మార్కు 2001 నుంచి తప్పనిసరిగా ఉండేది. అయినా 2003లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పెద్ద బ్రాండ్ల నీళ్లలోనే పురుగుమందుల అవశేషాలు చూపించింది, ఆ తర్వాత ప్రమాణాలు బిగించారు. 2024 అక్టోబరులో ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అన్న నిబంధన తీసేశారు, కొద్ది వారాలకే ప్యాకేజ్డ్ నీళ్లను ఎక్కువ ముప్పు ఉన్న ఆహారాల జాబితాలో చేర్చి ఏటా తనిఖీలు ఉండాలన్నారు. మీరు చూడాల్సింది ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, తయారీ తేదీ, మూత సీలు. బస్టాండులో కొనేటప్పుడు బ్రాండ్ పేరులో అక్షరాలు కూడా కూడబలుక్కుని చదవండి. ఒక అక్షరం అటూ ఇటూ మార్చి, అదే రంగు లేబుల్ అంటించి అమ్మే సీసాలు బోలెడు. ఇరవై లీటర్ల క్యాన్ మీద చాలాసార్లు ఇవేవీ ఉండవు. ప్లాంటు శుభ్రం, క్యాన్ లోపల కడిగిన శుభ్రం, అంతా నమ్మకం మీదే నడుస్తోంది.

ఆల్కలైన్ వాటర్, అంటే క్షార గుణం ఉన్న నీళ్లు, నల్ల రంగు నీళ్లు, సినిమా వాళ్లు పట్టుకు తిరిగేవి ఉన్నాయి. అర లీటరు వంద రూపాయలు. ఒంట్లో ఆమ్లం తగ్గిస్తుందని ప్రచారం. మన రక్తం పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7.35, 7.45 మధ్య నిలబడటానికి ఊపిరితిత్తులు, కిడ్నీలు రాత్రింబగళ్లు పని చేస్తున్నాయి. తాగిన నీళ్లు ముందు పడేది కడుపులోని గాఢమైన ఆమ్లంలో. అక్కడే ఆ ఆల్కలైన్ గుణం ఆవిరైపోతుంది. దీని మీద ఇంతకన్నా సమయం వృథా చేయను.

నన్ను నిజంగా కలవరపెట్టిన విషయం ఇంకోటి ఉంది, అది మన హైదరాబాద్‌తో ముడిపడింది. ఓఆర్‌ఎస్. విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవాళ్లకు తాగించే ఉప్పు, గ్లూకోజు నీళ్లు. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో బెంగాల్ సరిహద్దులో బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలితే, సెలైన్ సీసాలు అయిపోయిన స్థితిలో డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోసి తాగించి వేలమందిని బతికించారు. ఆ పేరుకు విశ్వాసం అలా వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం లీటరు నీళ్లలో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ఇంకా పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉండాలి. ఆ పాళ్లలోనే మందు పని చేస్తుంది. చక్కెర బాగా ఎక్కువైతే అది పేగుల్లోకి ఒంట్లోని నీటిని లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి.

మరి మెడికల్ షాపులో, ఆస్పత్రి క్యాంటీన్‌లో ఏం అమ్మారు? టెట్రా ప్యాకులో పండ్ల రుచుల తీపి పానీయాలు, పేరులో మాత్రం ఓఆర్‌ఎస్ అక్షరాలు. చక్కెర ఆ కొలతకు ఎన్నో రెట్లు. విరేచనాలతో నీరసించిన బిడ్డకు తల్లి అదే మందనుకుని పట్టించేది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2022లో ఒకసారి నియంత్రణ సంస్థ వద్దంది, కొన్ని నెలలకే, "ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు" అని లేబుల్ మీద రాస్తే ఆ పేరు పెట్టుకోవచ్చని సడలించింది. ఆలోచించండి. ముందు పెద్ద అక్షరాల్లో ఓఆర్‌ఎస్, కింద చిన్న అక్షరాల్లో ఇది అది కాదు అని. ఆమె ఆగలేదు. 2025 అక్టోబరులో ఆ సడలింపు ఎత్తేసి, ఆ ఫార్ములా లేని ఏ పానీయం పేరులోనూ ఓఆర్‌ఎస్ అక్షరాలు ఉండకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఒక డాక్టరమ్మ పట్టుదల దేశం మొత్తం మీద లేబుళ్లు మార్పించింది. ఆమెకు మనమంతా రుణపడి ఉన్నాం.

మిగతా సరుకుల దగ్గర త్వరగా వెళతాను. వంటనూనె ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని ఉంటుంది. వేరుశనగ, పొద్దుతిరుగుడు, పామాయిల్, మొక్క నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. అది జంతువుల కొవ్వులో ఉంటుంది. ఒక కంపెనీ ఆ మాట రాస్తే పక్క నూనెలో ఉన్నట్టు మనకు తోస్తుంది. నూనె ఎక్కువ వాడినా ఫర్వాలేదన్న ధైర్యమూ వస్తుంది. పళ్లరసం డబ్బాల మీద "100 శాతం పళ్లరసం" అన్న మాట 2024 జూన్‌లో తీసేయమన్నారు, ఎందుకంటే చాలావాటిలో చిక్కబెట్టిన రసానికి మళ్లీ నీళ్లు కలుపుతారు. అదే ఏడాది ఏప్రిల్‌లో, పాలల్లో కలిపే పొడులను "హెల్త్ డ్రింక్" విభాగంలో పెట్టి అమ్మొద్దని కేంద్రం ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. 2006 ఆహార భద్రతా చట్టంలో హెల్త్ డ్రింక్ అన్న వర్గమే లేదు. పిల్లవాడు పొడుగవుతాడని మనం ఒక తరం పాటు చక్కెర పోశాం.

బిస్కెట్ ప్యాకెట్ల గురించి ఒక మాట. ఐదు రూపాయలది ఐదు రూపాయలకే ఉంటుంది, పదిది పదికే. లోపల గ్రాములు తగ్గుతాయి. ధర పెరిగితే గోల చేస్తాం, బరువు తగ్గితే కవరు పట్టుకుని చూసినా తెలియదు. 499 రూపాయలకు బాటా రేటు అని నవ్వుకునే మనం దీన్ని మాత్రం పట్టించుకోం. ఇప్పుడు ప్యాకెట్ మీద గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతోందో కూడా వేయాలి. ఎమ్మార్పీ పక్కనే ఉంటుంది, ఆ అంకె చూడండి. పెద్ద ప్యాక్ ఎప్పుడూ చవక అనుకోకండి. షాంపూలో చాలాసార్లు సీసా కన్నా చిన్న సాచెట్లే మిల్లీలీటరు లెక్కన చవక పడతాయి.

ఎండాకాలం కిరాణా దుకాణంలో ఇరవై రూపాయల నీళ్ల సీసాకు ఇరవై రెండు అడిగి కూలింగ్ చార్జీ అంటారు. ఎమ్మార్పీ అంటే అన్నీ కలిపిన ధర, ఫ్రిజ్ కరెంటు కూడా అందులోదే. అలా తీసుకోవడం తూనికలు కొలతల చట్టం ప్రకారం నేరం. హోటల్లో కూర్చోబెట్టి వడ్డించే సీసాకు మాత్రం ఎమ్మార్పీ మించి తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, అక్కడ సేవ కూడా ఉందని. ఆ తీర్పు నాకు నచ్చలేదు, కానీ తీర్పు తీర్పే. అలాంటి చోట మామూలు నీళ్లు తెమ్మని అడగండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఫిర్యాదుకు నంబరు 1915, తెలుగులో కూడా మాట్లాడతారు. సీసా ఫోటో, బిల్లు దగ్గర పెట్టుకోండి. బిల్లు ఇవ్వకపోతే ఫోన్‌లో కట్టిన రుజువు ఉంటుంది.

ప్రశ్నలకు వస్తాను. చెప్పమ్మా... అవును. అక్కడ ఆ అమ్మ అడుగుతోంది, మాది నల్గొండ వైపు పల్లె, మరి మేం ఆర్‌ఓ తీసేయాలా అని.

వద్దమ్మా, తొందరపడి తీసేయకండి. మీ వైపు ఫ్లోరైడ్ బాధ కథ కాదు, వంగిపోయిన నడుములు, గారపట్టిన పళ్లు అందరం చూశాం. ఫ్లోరైడ్ తీయడానికి ఆర్‌ఓ పనికొస్తుంది. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మీరు తాగేది ప్రభుత్వ మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లా, బోరు నీళ్లా అన్నది ముందు చూసుకోండి, బోరు దగ్గరే సమస్య. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు ఆ నీళ్లు తీసుకెళ్లి పరీక్ష చేయించండి, జల్ జీవన్ మిషన్ కింద ఆ ల్యాబులు జనానికి కూడా తెరిచారు, ఖర్చు తక్కువే. క్రిముల పరీక్షకు సీసా వాళ్ల దగ్గరే తీసుకోండి, ఇంటి సీసా పనికిరాదు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది. 1.5 దాటితే మెషీన్ ఉంచుకుని, ఫిల్టరూ, లోపల నీళ్లను వడకట్టే పలచటి పొర మెంబ్రేనూ మార్చిన తేదీ దాని మీదే రాసి పెట్టుకోండి. మెంబ్రేన్ పాడైన మెషీన్ నీళ్లు కూడా చూడటానికి తేటగానే ఉంటాయి, అందుకని ఏడాదికి ఒకసారి మెషీన్‌లోంచి వచ్చే నీళ్లను కూడా అదే ల్యాబులో చూపించండి.